నేరమంతా నోట్లోనే ఉంది

మన శాసనసభ్యులు ఈసారి స్టడీ టూర్‌కి సింగపూర్ మానేసి జపాన్ వెళ్లాలని మనవి. బుల్లెట్ రైలు ఎక్కడానికి కాదు, 1956లో వాళ్లు చేసుకున్న వ్యభిచార నిరోధక చట్టాన్ని చూసి రావడానికి. చట్టం రాయడమంటే అదీ.

అందులో మూడో నిబంధన మహా గంభీరంగా ఉంటుంది. ఎవరూ వ్యభిచారం చేయకూడదు, ఎవరూ విటుడిగా వెళ్లకూడదు. మరి వెళ్తే? ఏమీ లేదు. మన గోడల మీద "ఇచ్చట మూత్రము పోయరాదు" అని రాసినట్టే. శిక్ష ఎక్కడ మొదలవుతుందంటే, నోరు తెరిచిన చోట. వీధిలో నిలబడి విటుణ్ణి పిలిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 20 వేల యెన్‌ల వరకు జరిమానా. పిలిచింది ఆవిడ కాబట్టి శిక్ష ఆవిడకే. పక్కన పర్సు తెరిచి నిలబడ్డ పెద్దమనిషి దారిన పోయే దానయ్య.

ఆ చట్టం లెక్కలో వ్యభిచారమంటే ముక్కూ మొహం తెలియని మనిషితో డబ్బు కోసం సంభోగం. ఇంత సందు దొరికితే వ్యాపారం ఊరుకుంటుందా? సోప్‌ల్యాండ్ అనే స్నానశాలలో కౌంటర్లో కట్టేది స్నానం ఖర్చు. లోపల సబ్బు నురగలో ఇద్దరికీ పరిచయమవుతుంది. పరిచయమయ్యాక ఇక ముక్కూ మొహం తెలియకపోవడమేమిటి? ఒసాకాలోని తొబితా అనే వేశ్యావాటికలో అయితే ఆ ఇళ్లన్నీ కాగితాల మీద హోటళ్లు. గుమ్మంలో లైట్ల వెలుగులో అమ్మాయి కూర్చుని ఉంటుంది, పక్కన ఓ పెద్దావిడ చెయ్యి ఊపుతూ రమ్మంటుంది. బిల్లు టీకీ, చిరుతిండికీ. పైగదిలో పుట్టేది ప్రేమ. 2019లో జీ20 దేశాధినేతలు ఒసాకా వచ్చినప్పుడు ఆ హోటళ్లన్నీ మూసేశారు. అంతమందికి టీ పెట్టలేక కాబోలు.

ఇక విదేశీ అతిథి సంగతి. ఇలాంటి చోట్ల చాలావాటిలో అతనికి ప్రవేశం లేదు. జపనీయులకు మాత్రమే. ఎందుకయ్యా అంటే భాష రాదట, లోపలి రూల్స్ చెప్పినా అర్థం కాదట, గొడవలవుతాయట. సబబే. భాష రానివాడితో పరిచయం ఎలా ఏర్పడుతుంది, పరిచయం లేకపోతే చట్టం ఏమైపోతుంది?

అలా గుమ్మం దగ్గరే ఆగిపోయినవాడు టోక్యో కబుకిచోలోని ఓకుబో పార్కు పక్కకు చేరతాడు. చేతిలో ఫోను, ఫోనులో అనువాదం యాప్. రేటు టైపు చేసి, అక్కడ విటుల కోసం నిలబడ్డ అమ్మాయికి స్క్రీను చూపిస్తాడు. నోరు మెదపడు. మెదిపినా తప్పులేదనుకోండి, చట్టం అతని నోటి జోలికి రాదు. పక్కన మఫ్టీలో పోలీసు ఉంటే స్టేషనుకు వెళ్లేది ఆ అమ్మాయే.

మనమూ తక్కువ తినలేదు. మన చట్టమూ సరిగ్గా 1956లోనే పుట్టింది. దాని ఎనిమిదో సెక్షన్ ప్రకారం మాటతో పిలిచినా, సైగ చేసినా, ఆ ఉద్దేశంతో కిటికీ దగ్గరో బాల్కనీలోనో కనబడేలా కూర్చున్నా ఆరు నెలల దాకా జైలు లేదా 500 రూపాయల దాకా జరిమానా, మొదటిసారైతే. అదే పని మగవాడు చేస్తే వారం నుంచి మూడు నెలలు. తొబితా గుమ్మంలో అమ్మాయి హోటల్ సిబ్బంది. మన కిటికీలో అమ్మాయి ముద్దాయి.

2025 నవంబరులో జపాన్ ప్రధాని తకాయిచి, కొనేవాళ్లనూ శిక్షించే సంగతి పరిశీలించమని న్యాయమంత్రికి చెప్పారు. చట్టం వచ్చి డెబ్బై ఏళ్లయినా నిండకుండానే! ఇది తొందరపాటని నా అభిప్రాయం. విదేశీయుణ్ణి పట్టుకుంటే నోటీసు ఏ భాషలో ఇవ్వాలి? ముందు అది తేల్చడానికి ఓ కమిటీ వేయాలి. పోలీసులుండాలి, టూరిజం వాళ్లుండాలి, యాప్ కంపెనీ వాళ్లూ ఉండాలి. పార్కు పక్కన నిలబడే ఆడవాళ్లను మాత్రం పిలవనక్కర్లేదు. వాళ్లు నోరు తెరిస్తే నేరం కదా.