ముక్కుకు నచ్చాల్సిన పిల్లి

మా బావగారికి పిల్లులంటే ప్రాణం. ఆయన ముక్కుకు మాత్రం వాటి పొడ గిట్టదు. పిల్లి ఉన్న ఇంట్లో కాలు పెడితే చాలు, కళ్లు ఎర్రబడతాయి, తుమ్ములు వరస కడతాయి. అయినా పిల్లిని పెంచి తీరాలన్న పట్టుదల సడలలేదు.

“అలర్జీ అంతా బొచ్చులోనే ఉంటుందోయ్. బొచ్చే లేని పిల్లిని తెచ్చుకుంటే గొడవ వదిలిపోతుంది” అని తేల్చేశారు. అలాంటి జాతి నిజంగానే ఉంది, పేరు స్ఫింక్స్. 1966లో టొరంటోలో బొచ్చు లేకుండా పుట్టిన ఒక పిల్లికూనతో మొదలైన కథ. దాన్ని పెంచుతున్న ఒకాయన ఇంటికి నన్నూ వెంటబెట్టుకుని వెళ్లారు.

పిండి ఆరేయడం మరచిపోయిన దుప్పటిలా ఒళ్లంతా ముడతలున్న ఆ జీవి నేరుగా వచ్చి బావగారి ఒళ్లో కూర్చుంది. ఆయన చేతిని ఆప్యాయంగా నాకింది. ఆయన ఆనందబాష్పాలు తుడుచుకున్నారు, అదే చేత్తో! ఆ తర్వాత కారినవి ఆనందబాష్పాలు కావు.

అప్పుడు తీరిగ్గా నోరు విప్పాడు ఇంటాయన. తుమ్ములు తెప్పించేది బొచ్చు కాదట, ఫెల్ డి 1 అనే ప్రోటీన్. అది పిల్లి ఉమ్మిలోనూ చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ తయారవుతుంది. పిల్లి ఒళ్లు నాక్కుంటుంది, ఉమ్మి ఆరుతుంది, ఆ పొడి గాల్లోకి లేస్తుంది. బొచ్చు లేకపోతేనేం, నాలుక ఉంది కదా! పైగా బొచ్చు లేనందువల్ల నూనె ఒంటిమీదే పేరుకుంటుంది, తరచూ స్నానం చేయించాలి. ఈ ముక్క గుమ్మం దగ్గరే చెబితే ఆయన సొమ్మేం పోయేదో!

బావగారు వెంటనే ఒత్తయిన బొచ్చుండే సైబీరియన్ మీదికి మళ్లారు. “బొచ్చు లేనిదే పడలేదు, ఇప్పుడు బొచ్చు మూటను తెస్తారా?” అంది అక్క. ఆ జాతిలో కొన్నిటికి ఈ ప్రోటీన్ తక్కువని పేరుంది గానీ, జాతిని చూసి భరోసా ఇవ్వలేం, ఏ పిల్లి లెక్క దానిదే. అందుకే డాక్టరుగారు, తెచ్చుకోబోయే పిల్లి దగ్గరే ముందు కొంతసేపు గడిపి చూడమన్నారు.

ఈసారి బావగారు ముందుజాగ్రత్తగా ముక్కు చుట్టూ ఘాటైన బామ్ దట్టించి బయలుదేరారు. పిల్లిని ఒళ్లోకి తీసుకున్నారు. తుమ్ము వినిపించింది. వెంటనే ఇంకొకటి. అందరం ఆయన ముఖంలోకి చూశాం. ముక్కు నిశ్చలంగా ఉంది. తుమ్ముతున్నది పిల్లి.

“ఏమీ అనుకోకండి” అంటూ ఇంటావిడ దాన్ని లాక్కుంది. “మా పిల్లికి మీరు పడడం లేదు.”