అయ్యోరి చేతిలో ఎలుకల పుస్తకం

"ఏందప్పా ఇది, పిల్లకాయల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్నావు?" అన్నారు మా వీధి అయ్యోరు. అట్టమీద ఒకదాన్నొకటి పట్టుకుని ముడుచుకున్న రెండు ఎలుకల్ని కళ్లద్దాల పైనుంచి చూస్తున్నారు. తిరుపతి చుట్టుపక్కల హైస్కూళ్లలో ముప్ఫయ్యేళ్లు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. పొద్దున పేపరు రాగానే ముందు వెతికేది కార్టూన్‌నే. చిన్నప్పుడు 'చందమామ' కోసం పోస్టుమ్యాన్‌కి ఎదురెళ్లేవాణ్ణని ఇప్పటికీ చెబుతారు. అయినా కథంతా బొమ్మల్లోనే ఉందంటే మాత్రం, ఆయన లెక్కలో అది మనవడి సరుకు.

ఆయన్నొక్కణ్ణే అని లాభం లేదు. ఆ మధ్య ఒక లైబ్రరీలో ఇదే పుస్తకం, 'మౌస్', పిల్లల అరలో, పంచతంత్రం పక్కన కనబడింది. లోపల ఉన్నది ఆష్‌విట్జ్. నాజీలు యూదుల్ని చంపిన క్యాంపు అది. అట్టమీద ఎలుకలున్నాయి కాబట్టి అక్కడ సర్దేశారు. పోనీ ఏదైనా షాపుకెళ్లి "పెద్దలు చదివే కామిక్స్ ఉన్నాయా" అని అడిగి చూడండి. షాపతను ముందు అటూ ఇటూ చూసి, తర్వాత మిమ్మల్ని చూసే చూపు వేరుగా ఉంటుంది.

నిజానికి అయ్యోరికి నేనిచ్చిన మొదటి పుస్తకం ఇది కాదు. అంతకుముందు ఒక తప్పు చేశాను. పెద్దల కామిక్స్ అని ఇంటర్నెట్‌లో వెతికితే చాలా జాబితాల్లో మొదట కనబడేది 'వాచ్‌మెన్'. అలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ గీసిన ఆ కథ 1986-87లో పన్నెండు సంచికలుగా వచ్చింది. గొప్పదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ అది అమెరికా సూపర్‌హీరో కథలతో పెట్టుకున్న తగాదా. ఆ కథలు చదువుతూ పెరిగినవాళ్లకు తగాదా ఎందుకో తెలుస్తుంది. మిగతావాళ్లకు పక్కింటాయన ఫోన్‌లో అరుస్తుంటే విన్నట్టుంటుంది. కోపం తెలుస్తుంది గానీ ఎవరిమీదో తెలీదు. అయ్యోరు పదిహేను పేజీలు చదివి, గుర్తుకు బస్సు టికెట్టు పెట్టి, మర్యాదగా తిరిగిచ్చేశారు. ఆ టికెట్టు ఇప్పటికీ అక్కడే ఉంది.

తప్పు నాది. ఆ కళలో గొప్పదేదని వెతికాను గానీ, ఈ మనిషి ఎట్లాంటి బతుకు చూశాడని ఆలోచించలేదు. నవలల విషయంలో ఇట్లా చెయ్యం. మొదటిసారి నవల చదువుతానన్న పెద్దాయన చేతిలో ప్రయోగాల పుస్తకం పెట్టం. కామిక్స్ అనేసరికి ఎందుకో జాబితా ముందు, మనిషి వెనక.

రెండోసారి ఇచ్చిందే ఈ ఎలుకల పుస్తకం, 'మౌస్'. ఇందులోని ముసలాయన వ్లాడెక్ పోలండ్ యూదుడు. ఆష్‌విట్జ్ నుంచి బతికి బయటపడి న్యూయార్క్ చేరాడు. కొడుకు ఆర్ట్ స్పీగెల్‌మన్ ఆయన్ని కూర్చోబెట్టి అడిగి అడిగి, ఆ బతుకంతా బొమ్మల్లో గీశాడు. యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు. 1992లో దీనికి అమెరికాలో పేరున్న పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. ఇవేవీ అయ్యోరికి చెప్పలేదు. ఒక పేజీ తీసి చూపించానంతే. దారిలో కనబడ్డ టెలిఫోన్ తీగ ముక్కను ముసలాయన పనికొస్తుందని ఏరుకునే చోటు అది. ఇంకోచోట, సగం తిన్న సీరియల్ డబ్బాను షాపులో వాపసు ఇవ్వడానికి పోతాడు. కొడుకూ కోడలూ సిగ్గుతో కారులోనే కూర్చుంటారు.

అయ్యోరు నవ్వేశారు. "మా నాయన గూడా ఇంతే సామీ. వంగిపోయిన మేకుల్ని సుత్తితో కొట్టి నిలువు జేసి పాలడబ్బాలో పోసి పెట్టేవాడు" అన్నారు. కరువు చూసిన సీమ ముసలాయనా, క్యాంపు చూసిన పోలండ్ ముసలాయనా ఒకటి కాదు. కానీ దేన్నీ పారెయ్యలేని ఆ చేతులు ఆయనకు తెలుసు. పుస్తకం ఇంటికి తీసుకుపోయారు.

అదే పుస్తకం మొదట్లో ఒక బొమ్మ ఉంది. నా మటుకు బొమ్మల కథ ఎందుకు చదవాలో చెప్పడానికి అదొక్కటి చాలు. వ్లాడెక్ ఇంట్లో కదలని సైకిలెక్కి తొక్కుతూ కొడుక్కి తన వయసు రోజుల కథ మొదలుపెడతాడు. ఆ రోజుల్లో తనెంత అందగాడో, ఏ సినిమా హీరోలా ఉండేవాడో చెప్పుకుంటూ పోతాడు. బొమ్మలో హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి దగ్గరగా కనబడుతుంది. చేతిమీద క్యాంపులో పొడిచిన నంబరు. దాని గురించి ఆ పేజీలో ఎవరూ నోరెత్తరు. నోరు చెబుతున్నదొకటి, చెయ్యి చెబుతున్నది ఇంకొకటి. రెండూ ఒకే క్షణంలో మన కంట్లో పడతాయి. వాక్యాల్లో రాయాలంటే ఒకటి ముందు, ఒకటి వెనక రాయాల్సిందే.

'చందమామ' చదివిన కళ్లకు ఇది వెంటనే పట్టుబడదు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో బొమ్మలు తక్కువవేం కాదు. శంకర్ గీసిన విక్రమార్కుడు భుజాన శవంతో, చేతిలో కత్తితో కళ్లు మూసుకున్నా కనబడతాడు. కానీ ఆ బొమ్మ తీసేసినా బేతాళుడి కథ నిలబడుతుంది. 'మౌస్'లో ఆ చెయ్యి తీసేస్తే పేజీ కుంటుతుంది.

ఇక్కడ మనవాళ్లు ఒక మాట అంటుంటారు: "గ్రాఫిక్ నవల, అదే ఈ పెద్దల బొమ్మల కథ, మనకు కొత్తా? మన కాళహస్తి కలంకారీ ఉందిగా." వినడానికి బాగుంటుంది. తిరుపతి నుంచి నలభై కిలోమీటర్లు కూడా లేని శ్రీకాళహస్తిలో కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డమీద, చింతబొగ్గుతో గీతలు వేసి, వెదురు కలంతో కసిమి అనే నలుపు రంగు దిద్దుతారు. నడుమ పట్టాభిషేకం లాంటి పెద్ద ఘట్టం, చుట్టూ వరసలుగా గళ్లు, గళ్ల కింద తెలుగు అక్షరాలు. ఆ వరసల్ని వేలితో చూపిస్తూ చదువుకుంటూ పోవచ్చు. పోలిక ఉన్నమాట నిజమే. అయినా నేను ఒప్పుకోను. కలంకారీ ముందు నిలబడ్డవాడికి రామాయణం ముందే తెలుసు. బొమ్మ గుర్తుచేస్తుంది. కామిక్స్ చదివేవాడికి తర్వాతి గడిలో ఏముందో తెలీదు. గడికీ గడికీ మధ్య ఉన్న ఆ తెల్ల సందులో జరిగింది తనే ఊహించుకోవాలి. ఆ అలవాటు వేరు, దాన్ని కొత్తగా నేర్చుకోవాలి. తాతలు నేతులు తాగారని మన మూతులు వాసన చూపిస్తే కుదరదు.

ఆ రెండు అలవాట్లకూ నడుమ వంతెన లాంటి పుస్తకం ఒకటుంది. 2011లో నవయాన ప్రచురణ సంస్థ తెచ్చిన 'భీమాయన'. అంబేద్కర్ జీవితం. గీసింది మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. రాసింది శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్. పాత్రల్ని పెట్టెల్లో బంధించడానికి ఆ దంపతులు ఒప్పుకోలేదు. అందుకే అందులో చదరపు గళ్లుండవు. ఇంటి గోడమీద వేసే ముగ్గులాంటి అంచులే పేజీని పంచుతాయి. పాత్రల మాటలు రాసే బుడగల్లో, మెత్తటి మాటలవి పిట్ట ఆకారంలో ఉంటాయి. కులం పేరుతో కుట్టే మాటల బుడగకు తేలు తోక ఉంటుంది. బడిలో దాహమేసిన పిల్లవాడికి నీళ్లు పోయడానికి ఎవరూ రాని చోట అంబేద్కర్ కథ మొదలవుతుంది. కలంకారీ చూసిన కళ్లకు ఈ పేజీలు పరాయిగా అనిపించవు, కానీ ఓదార్పూ ఇవ్వవు. ఇంగ్లీషు నవల అంటే భయపడేవాళ్లకూ ఇదే ముందిస్తాను. మాటలు పొట్టివి, అర్థం చిక్కకపోతే బొమ్మ చెయ్యందిస్తుంది.

మర్జానె సత్రాపీ 'పెర్సెపొలిస్' గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఇరాన్ విప్లవం తర్వాత, పదేళ్ల పిల్ల తలమీదికి ముసుగెలా వచ్చిందో ఉత్త నలుపు తెలుపుల్లో గీసింది. అమ్మాయిల డ్రెస్సు మీద పంచాయితీ జరిగే ఏ ఇంట్లోనైనా అర్థమవుతుంది.

వార్తలే తప్ప కథలు చదవననే మొండివాళ్లుంటారు. వాళ్లకు జో సాకో. ఈయన విలేకరి. కెమెరాకు బదులు కలం పట్టుకుని పాలస్తీనా, బోస్నియా తిరిగాడు. మన ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌కూ వచ్చి ముసహర్లనే దళితుల ఆకలిని గీశాడు. అది 2012 నాటి 'జర్నలిజం' సంపుటిలో ఉంది. తన బొమ్మను తనే గీసుకునేటప్పుడు కళ్లద్దాల వెనక కళ్లు గియ్యడు, ఉత్త తెల్లటి వలయాలే. అది అమాయకత్వమో, తెలివో నాకిప్పటికీ తేలలేదు.

మాంగా, అంటే జపాన్ కామిక్స్, సంగతి ఎత్తను. మా ఊరి ఇంజినీరింగ్ పిల్లలు ఫోన్‌లో రాత్రంతా చదివేది అదే, వాళ్లకు మనం సిఫారసు చేసేదేముంది? మనల్ని చూసి వాళ్లే జాలిపడుతుంటారు.

నాకు కడుపుమంట ఇంకోచోట. చిత్తూరు నుంచి గంట ప్రయాణం చేస్తే వేలూరు. ఆ సరిహద్దు దాటితే నడివయసు మనుషులు అట్టలు వేసిన లావుపాటి తమిళ కామిక్స్ డబ్బులు పెట్టి కొంటారు. శివకాశిలో 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ పుట్టాయి. చిన్నప్పుడు చదివినవాళ్లే పెద్దయ్యాక కూడా వదల్లేదు. వాటిలో గుర్రాలూ తుపాకులూ ఎక్కువన్నది నిజమే. అయినా బొమ్మల కథ చదవడానికి సిగ్గుపడని ఒక తరం అక్కడ తయారైంది. చిత్తూరులో తమిళం చదవగలిగినవాళ్లకు ఆ దారి తెరిచే ఉంది. ఉత్త తెలుగువాడికి మాత్రం 'చందమామ' దగ్గర దిగిపోయాక ఎక్కడానికి ఇంకో బస్సు రాలేదు.

అనువాదం జరగాలి సరే, ఏ తెలుగులో? వ్లాడెక్ మాట్లాడేది విరిగిన ఇంగ్లీషు, పోలండ్ యాస. దాన్ని పత్రికల తెలుగులో పెడితే ముసలాయన చచ్చిపోతాడు. రచయిత నామిని చిత్తూరు పల్లె మాటతో పుస్తకాలకు పుస్తకాలు నిలబెట్టాక, యాసలో రాయలేమనే సాకు మనకు మిగల్లేదు.

ఇంకో రెండు చిన్న సంగతులు, కానీ పుస్తకం మూయించేవి ఇవే. ఒకటి ధర. ఒక్కో పుస్తకానికి ఐదొందల నుంచి వెయ్యి దాకా అవుతుంది, గంటన్నరలో అయిపోతుంది. అందుకే కొనమని చెప్పను, ముందు అరువివ్వండి. రెండోది అక్షరాల సైజు. బుడగల్లో ఎక్కువగా పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలే అయినా చత్వారం వచ్చిన కంటికి చీమల్లా ఉంటాయి. అయ్యోరు కూతుర్నడిగి భూతద్దం తెప్పించుకున్నారు. దానితో అక్షరాలకంటే బొమ్మలే ఎక్కువ చూస్తున్నానని చెప్పారు.

'మౌస్' మొదటి భాగం చివర్లో, చనిపోయిన భార్య డైరీల్ని వ్లాడెక్ తగలబెట్టేశాడని కొడుక్కి తెలుస్తుంది. తీగముక్క కూడా పారెయ్యనివాడు! ఆ చోటు దాటాక అయ్యోరు రెండు రోజులు పుస్తకం ముట్టలేదట. ఇప్పుడు రెండో భాగం నడుస్తోంది. ఈలోగా 'భీమాయన' కూడా పట్టుకుపోయి, ఎదురింటి రిటైర్డ్ పోస్టుమాస్టరుకు నన్నడక్కుండానే ఇచ్చేశారు. నెల దాటింది. అడిగితే, "ఆయన ఇంకా చూస్తాండాడప్పా" అంటున్నారు.