ఆరు బర్నర్ల గ్రిల్లు గారికి బహిరంగ లేఖ

పెరట్లో చికెనూ మొక్కజొన్నా కాల్చిపెట్టే గ్యాసు పొయ్యి, మహారాజశ్రీ ప్రొపేన్ గ్రిల్లు గారికి,

డాలస్ శివార్లలోని ఫ్రిస్కో నుంచి ఒక చిన్న పెరడు గల గృహస్థు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు స్టోరు గుమ్మం పక్కన, మే నెలాఖరు సెలవైన మెమోరియల్ డే సేల్ బోర్డు కింద, నీలం లైట్లు వెలిగే నాబులతో మహా వైభవంగా ఉన్నారు. కళ్ళారా చూసే రాస్తున్నాను.

తమరి మెడలో వేలాడే చీటీ చదివాను. ధర కంటే పెద్ద అక్షరాల్లో 60,000 బీటీయూలు (వేడిని కొలిచే లెక్క) అని ఉంది. అది తమరి ఆకలి లెక్క. గంటకు ఎంత గ్యాసు కాలుస్తారో చెబుతుంది, అంతే. ఆ వేడి కోడి కాలికి తగులుతుందా, మూత సందుల్లోంచి టెక్సస్ ఎండలో కలిసిపోతుందా అనేది రేకు మందం మీద, మూత బిగువు మీద ఆధారపడి ఉంటుంది. ఆ రెండింటి ఊసే చీటీలో లేదు. వంట వైశాల్యం 800 చదరపు అంగుళాలట. పైన రొట్టెలు వెచ్చబెట్టుకునే అరను తీసేస్తే 600.

జేబులోంచి ఫ్రిజ్ అయస్కాంతం తీసి తమరి ఒంటికి ఆనించాను. టక్కున అతుక్కుంది. స్టెయిన్‌లెస్ స్టీలే, కాదనను. కానీ తుప్పుకు బాగా ఆగే 304 రకానికి అయస్కాంతం ఇలా అతుక్కోదు. ఇదంతా చూస్తూ మా ఆవిడ నాతో వచ్చిన మనిషి కానట్టు పూలకుండీల వైపు వెళ్ళిపోయింది.

అసలు మా ఇళ్ళలో గ్రిల్లుకు ఏం కావాలో తమరిని తయారు చేసినవారికి ఎవరూ చెప్పినట్టు లేదు. జూలై నాలుగున, అమెరికా స్వాతంత్ర్య దినాన, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ పెడితే వచ్చేవాళ్ళలో సగం మంది శాకాహారులు. ఆ రోజు శనివారం పడిందా, మిగతా సగంలోనూ చీలిక. చికెన్ కాలిన జాలీ మీద పనీరు పెడితే వదినగారు ప్లేటే ముట్టరు. అల్యూమినియం ఫాయిల్‌తో సరిహద్దు గీసినా, రెండు పట్టకార్లు పెట్టినా, ఎవరో ఒక బావగారు మాటల్లో పడి చికెన్ పట్టకారుతో మొక్కజొన్న పొత్తు తిప్పుతారు. మాకు కావలసింది రెండు ముక్కలుగా ఊడొచ్చే జాలీ. సగం వాళ్ళకి, సగం వీళ్ళకి. ఒక వైపు మంట పెట్టి, రెండో వైపు ఆర్పి, ఎముక దగ్గర పచ్చి లేకుండా నిదానంగా కాల్చుకోవడానికి మూడు బర్నర్లు చాలు. మిగతా రోజుల్లో తమరి మీద కాలేది ఇండియా నుంచి వచ్చిన మామయ్యగారి అప్పడం.

ఇక తమరి మేత సంగతి. ట్యాంకు విడిగా కొనుక్కోవాలని చీటీ అడుగున చీమ తలంత అక్షరాలు. పేరుకు 20 పౌండ్ల ట్యాంకు. పెట్రోలు బంకుల దగ్గర ఖాళీది ఇచ్చి మార్చుకునే వాటిలో చాలావరకు 15 పౌండ్లే నింపుతారు. తమరి ఆరు బర్నర్లూ పూర్తిగా తిప్పితే అది ఐదున్నర గంటలు కూడా రాదు. విజయవాడలో 14.2 కిలోల సిలిండరును తూకం వేయించందే గుమ్మం దాటనివ్వని మామయ్యగారు, "తూకం వేయించారా అల్లుడుగారూ?" అన్నారు. ఖాళీ ట్యాంకు బరువు దాని పట్టీ మీదే చెక్కి ఉంటుంది, తీసివేస్తే సరి. బాత్రూంలో ఉన్న కాటా ఇప్పుడు గ్యారేజీలో ఉంది. ట్యాంకు మాత్రం బయటే. గ్యారేజీలో పెడితే, లీకైన ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి నేల మీదే పరుచుకుంటుంది.

అందుచేత తమరి పక్కన, లైట్లూ గట్రా లేకుండా నిలబడిన మూడు బర్నర్ల తమ్ముడుగారిని తీసుకెళ్తున్నాం. మూత బరువుగా ఉంది, గ్రీజు ట్రే ముందు నుంచి లాగితే వస్తోంది. తమరికి కూడా సేల్ ముగిసేలోపు పెద్ద పెరడున్న మంచి సంబంధం కుదరాలని కోరుకుంటూ,

ఇట్లు,
తమరి దర్శనంతోనే సరిపెట్టుకున్న ఒక గృహస్థు

తా.క.: తమరి పక్కనున్న సైడ్ బర్నర్ ఒక్కటే విడిగా అమ్మితే కబురు పెట్టగలరు. ఇంట్లో చేపలు వేయించడానికి మా ఆవిడ ఒప్పుకోవడం లేదు.