గుండు, గంధం, వేలిముద్ర

తప్పు సగం నాది, సగం అమ్మ మొక్కుది. నా బ్యాక్‌లాగులు పోతే గుండు చేయిస్తానని మొక్కుకుంది, అవి పోయాయి, తిరుమల వెళ్లొచ్చాం. నిన్న పొద్దున రైలు దిగేసరికి క్లాస్ గ్రూపులో మెసేజ్: ఈపాస్ రెన్యువల్‌కి, అంటే గవర్నమెంటు ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి మళ్లీ అప్లై చేయడానికి, ఇవాళే ఆఖరు. ఆదాయం సర్టిఫికెట్ ఎక్కడ దొరికిందో, ఫారం ఎప్పుడు నింపానో గుర్తు లేదు. వేలిముద్ర మాత్రం చచ్చేదాకా గుర్తుంటుంది.

వీధి చివర మీసేవ సెంటర్‌లో నా వెనక ఇరవై మంది. మిషన్‌కి నా బొటనవేలు నచ్చలేదు. ఆపరేటర్ తలెత్తకుండానే "తలకి రాసుకో తమ్ముడూ" అన్నాడు. రేషన్ షాపులో అయినా ఇంకెక్కడైనా వేలు పడకపోతే జుట్టుకి రుద్దుతాం, నూనె అంటుకుని ముద్ర పడుతుంది, మన దగ్గర టెక్నికల్ సపోర్ట్ అంటే ఇదే. నేనూ అలవాటు కొద్దీ రుద్దేశాను. అక్కడ జుట్టు లేదు, పొద్దున్నే అమ్మ పట్టుబట్టి మళ్లీ పూసిన గంధం ఉంది. మిషన్ అద్దం పసుపుపచ్చగా అయింది. అప్పుడు తలెత్తాడు.

"ఇదేంది?"

"తిరుమల గంధం అన్నా."

వేలితో తీసి కళ్లకద్దుకున్నాడు. ఆ తర్వాత తిట్టాడు.

వెనకున్న అవ్వ ముందుకొచ్చి తల వంచింది. "నా నెత్తికి రాయి బిడ్డా, పొద్దుగాలే నూనె వెట్టిన." వద్దనే ధైర్యం లేదు, క్యూలో మా పక్క సెక్షన్ అమ్మాయిలు ఇద్దరున్నారు, ఒకామె ఫోన్ కూడా తీసింది. నేను ముక్కూమొహం తెలియని అవ్వ కొప్పు మీద బొటనవేలు రుద్దుతూ నిలబడ్డాను, ఒకాయన "కొంచెం వెనక్కి, అక్కడ నూనె ఎక్కువుంటది" అని సలహా కూడా ఇచ్చాడు.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?"

"కంప్యూటర్ సైన్స్ అవ్వా."

"మరి ఈ మిషిను బాగుజెయ్యరాదా?"

మూడోసారికి పచ్చ లైట్ వెలిగింది. రసీదు పట్టుకుని కాలేజీకి పరిగెత్తాను. ఫీజు కౌంటర్‌లో సారు దాన్ని చూడనైనా చూడలేదు. "పోయినేడాదిదే ఇంకా రాలేదు, 35 వేలు నువ్వు కట్టు, గవర్నమెంటు వేశాక తిరిగిస్తాం" అన్నాడు. ఎంసెట్‌లో పది వేల లోపు ర్యాంకు వచ్చుంటే ఫీజు మొత్తం వాళ్లే ఇచ్చేవాళ్లు, నా ర్యాంకు ఎంతో ఇక్కడ అనవసరం. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ పథకం పెట్టినప్పుడు నాకు రెండేళ్లు. నాకు మీసాలొచ్చాయి, దీనికి టైముకి డబ్బులేయడం ఇంకా రాలేదు.

అమ్మ ఫోన్. "పడ్డాయారా?"

"వేలిముద్ర పడిందమ్మా."