నంబర్లు కలిసినంత మాత్రాన రేసు కారు అయిపోదు

అనంతపురం, కడప, కర్నూలు పాత బండ్ల గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ‘పాత రేసు కారు అసలుదో నకిలీదో అయిదు నిమిషాల్లో తేల్చుకోండి’ అని. పొద్దున ఒకరు పంపుతారు, మధ్యాహ్నం ఇంకొకరు, రాత్రి మళ్ళీ మొదటాయనే. చదివి వదిలేసేవాణ్ణే. కానీ కడపలో ఒక మిత్రుడు దీన్ని నమ్మి, మద్రాసు దగ్గరి షోళవరం ట్రాక్‌లో ఒకప్పుడు రేసు చేసిందంటున్న ఒక ఫియట్‌కు అడ్వాన్సు ఇవ్వబోతున్నాడు. ‘నంబర్లు కలిశాయన్నా, ఇంకేం కావాలి?’ అంటాడు. ఇంకేం కావాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు చిన్న పాయింట్లు. ‘అయస్కాంతం అంటుకోకపోతే అల్యూమినియం బాడీ, కాబట్టి అసలుది’ అన్నారు. ఫైబర్‌గ్లాస్‌కూ అయస్కాంతం అంటుకోదు. పోయిన నెల కొట్టించిన అల్యూమినియం రేకుకూ అంటుకోదు. ఫియట్ ఇనప రేకు బండి కాబట్టి దానికి అంటుకుంటుంది. అంటే ఈ పరీక్షలో అసలు కారు ఫెయిలై నకిలీది పాసయ్యే అవకాశం ఉంది.

‘తుప్పు, వెలిసిన పెయింటు ఉంటే అసలుది.’ అవి ఉన్నంత మాత్రాన కారు రేసు చేసినట్టు కాదు. పైగా ఉప్పునీళ్ళు, యాసిడ్ వాడడం తెలిసిన పెయింటర్ కొత్త రేకును పాతదిగా చేసి ఇస్తాడు.

‘రేసు నంబరుతో పాత ఫొటో ఉంటే సరిపోతుంది.’ సరిపోదు. అలాంటి కారు ఒకటి ఒకప్పుడు ఉండేదని మాత్రమే ఫొటో చెబుతుంది. దాన్ని పెద్దది చేసి రివెట్ల వరస, సొట్టలు, బానెట్‌కు కొట్టిన రంధ్రాలు ఒక్కొక్కటే కారుతో పోల్చి చూస్తే అప్పుడు పనికొస్తుంది. డోరు మీద అంకె వేయడానికి డబ్బా పెయింటు చాలు.

ఇక అసలు ప్రమాదం దగ్గరికి వస్తాను. ‘చాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ ఆర్‌సీతో కలిస్తే నూటికి నూరు పాళ్ళు అసలుదే.’ మిగతా మెసేజ్ అంతా ఒక ఎత్తు, ఈ ఒక్క వాక్యం ఒక ఎత్తు. జనం డబ్బు పోగొట్టుకునేది దీన్ని నమ్మే.

మొదటి సంగతి, ఫార్ములా మారుతి లాంటి ఒంటి సీటు కార్లు రోడ్డు ఎక్కవు. వాటికి ఆర్‌సీ ఎక్కడిది? అలాంటి కారుకు ఎవరైనా ఆర్‌సీ చూపిస్తే అనుమానం తగ్గాలా, పెరగాలా? ఇక రోడ్డు కార్ల సంగతి. బండి పూర్తిగా పాడైపోతే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. అలా తెలిపినవాళ్ళు మీకు ఎంతమంది తెలుసు? కారు తుక్కు కొట్టుకు పోతుంది, కాగితం మాత్రం బీరువాలో భద్రంగా ఉంటుంది. ఆ కాగితానికి తగ్గట్టు ఇంకో కారు మీద నంబర్ పంచ్ చేయడం ఎంతసేపు?

దొంగలు, బ్రోకర్లు మాత్రమే ఇలా చేస్తారనుకోకండి. కంపెనీలే చేశాయి. 1950లలో యూరప్ రేసు టీములు దేశం దాటాలంటే కస్టమ్స్ కాగితం ఉండాలి, అందులో చాసిస్ నంబర్ రాసి ఉండాలి. కాగితం ఉన్న కారు సిద్ధంగా లేకపోతే దాని నంబరు పలక తీసి, సిద్ధంగా ఉన్న కారుకు బిగించి పంపేవాళ్ళు. ఇటలీ కంపెనీ మసరాటి కట్టిన 250ఎఫ్ రేసు కార్ల నంబర్లు ఇలాగే కలగాపులగం అయ్యాయి. ఏ రేసులో ఏ నంబరు కింద ఏ కారు పరిగెత్తిందో విడదీయడానికి చరిత్రకారులు పుస్తకాలకు పుస్తకాలు రాయాల్సి వచ్చింది.

ప్రమాదంలో వంగిపోయిన ఫ్రేమ్‌ను మూలన పడేసి, కొత్త ఫ్రేమ్‌కు పాత నంబరే ఇవ్వడం రేసు టీములకు మామూలు. ఏళ్ళ తరవాత ఎవరో ఆ వంగిన ఫ్రేమ్ కొని, సరిచేసి, దాని చుట్టూ ఇంకో కారు కడతారు. ఇప్పుడు ఒకే నంబరుకు రెండు కార్లు. రెండింట్లోనూ అసలు కారు తాలూకు ఏదో ఒకటి ఉంది. జాగ్వార్ డి-టైప్ రేసు కారులో ఇంజన్ ఉండే ముందు ఫ్రేమ్ వేరు, డ్రైవరు కూర్చునే మధ్య పెట్టె వేరు. 1955 నుంచి ఆ రెండింటినీ బోల్టులతో బిగించారు. బోల్టులు విప్పితే ఒక కారు రెండు కార్లకు మూలమవుతుంది. నంబర్ కలిసిందా అన్న ప్రశ్నకు అక్కడ అర్థమే లేదు.

ఫెరారీ 250 జీటీఓ అనే రేసు కారు సంగతి చూడండి. 1962 నుంచి 1964 దాకా కట్టినవి 36 అని లెక్క. 2018లో అమెరికాలోని మాంటరే వేలంలో ఒకటి 4.84 కోట్ల డాలర్లకు పోయింది. అంత ధర ఉన్నప్పుడు నకళ్ళు రాకుండా ఉంటాయా? నలుగురు కూర్చునే 250 జీటీఈ కార్లను కోసి, జీటీఓ బాడీ తొడిగినవి చాలా ఉన్నాయి. వాటి ఇంజన్ నిజమైన ఫెరారీది, నంబరూ ఫెరారీ కొట్టిందే. అది జీటీఓ మాత్రం కాదు.

మన దగ్గర సర్వే నంబర్ కలిసిందని పొలం కొనేస్తామా? లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, ఈసీ తీయిస్తాం, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెగకుండా చూసుకుంటాం. రేసు కారుకూ అదే కావాలి. ఏ ఏడు ఎవరి షెడ్డులో ఉంది, ఎవరు నడిపారు, ఎప్పుడు దెబ్బతింది, ఏ భాగం ఎప్పుడు మారింది. ఈ వరసలో పదేళ్ళ ఖాళీ ఉంటే, నంబర్లు ఎంత చక్కగా కలిసినా ఆ పదేళ్ళ గురించి ముందు సమాధానం కావాలి.

‘ఒక్క భాగం మారినా నకిలీయే’ అన్న పాయింటు కూడా ఈ వరసతోనే తేలిపోతుంది. రేసు కారు అంటేనే ఇంజన్లు పగిలే, బాడీలు మారే కారు. ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ రేసును 1929లోనూ, 1930లోనూ గెలిచిన బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’ మీద 1990లో లండన్ హైకోర్టులో కేసు నడిచింది. కోటి పౌండ్లకు బేరం కుదిరాక, ఇది ఆ కారే కాదని కొనేవాళ్ళు అడ్డం తిరిగారు. 1929 నాటి భాగాలు దాదాపు ఏమీ మిగల్లేదని జడ్జి ఒట్టన్ కూడా ఒప్పుకున్నారు. అయినా మధ్యలో ఎక్కడా ఇంకో కారుగా మారలేదు, చరిత్ర తెగలేదు, కాబట్టి ఇది ఆ కారే అని తీర్పు ఇచ్చారు. మెసేజ్ లెక్కన నంబర్ కొట్టిన నకిలీ అసలైపోతుంది, ఈ బెంట్లీ నకిలీ అయిపోతుంది. ఇంత తలకిందుల సలహాను ఎలా పంచుతున్నారయ్యా?

‘ఎఫ్ఐఏ పాస్‌పోర్టు గానీ, వీఏ నంబర్ ప్లేటు గానీ ఉంటే కళ్ళు మూసుకుని కొనండి.’ దయచేసి కళ్ళు తెరిచి కొనండి. ప్రపంచ మోటార్ రేసుల సంస్థ ఎఫ్ఐఏ ఇచ్చే ఆ టెక్నికల్ పాస్‌పోర్టు, కారు ఆనాటి కొలతలకు, నిబంధనలకు సరిపోతోందని చెబుతుంది. దాని చరిత్ర నిజమని చెప్పదు. మన దేశంలో 2021 రూల్స్ ప్రకారం వీఏ అనే వింటేజ్ నంబర్ సిరీస్ 50 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు లేని బండ్లకు ఇస్తారు. మార్పులే చేయనిదే రేసు కారు కాదు. వీఏ ప్లేటుకూ రేసు చరిత్రకూ సంబంధమే లేదు.

మెసేజ్ చివర్లో ఒక మాట ఉంది: ‘ఆ కాలం మెకానిక్‌ను అడగండి.’ దీన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఇంతకన్నా మంచి సలహా నేనూ ఇవ్వలేను. తను వేసిన వెల్డింగ్‌ను, తను చేసిన బ్రాకెట్‌ను మనిషి ఏళ్ళ తరవాత కూడా గుర్తుపడతాడు. కాకపోతే ఇది ఫలానా కారు అని ముందే చెప్పకూడదు. కారు చూపించి, ఇదేమిటో మీరే చెప్పండి అని ఊరుకోవాలి.

కడప మిత్రుడికి: కారును లిఫ్ట్ ఎక్కించు. కార్పెట్ తీయించి, రోల్ కేజ్ (బోల్తాపడితే డ్రైవర్‌ను కాపాడే గొట్టాల చట్రం) బిగించిన రంధ్రాలు గానీ, వాటిని పూడ్చిన వెల్డింగ్ గానీ ఉందేమో చూడు. చాసిస్ నంబర్ చుట్టూ గ్రైండింగ్ గీతలు ఉంటే, లోహం మీద రసాయనం పూసి కింది పాత అంకెలు పైకి తెప్పించే పద్ధతి ఉంది. దొంగ బండ్ల కేసుల్లో ఫోరెన్సిక్ ల్యాబులు చేసేది అదే. 1968లో రేసు చేసిందని అమ్మేవాడు అంటున్నాడు కదా, కారు మీద పద్మిని అన్న పేరుంటే ఎలా వచ్చిందో అడుగు. ఈ ఫియట్‌కు ఆ పేరు 1970లలో గానీ రాలేదు. షోళవరం రేసులు జరిపింది మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్. ఆ ఏటి రేసు ప్రోగ్రామ్ పుస్తకంలోనో, పేపర్ ఫలితాల్లోనో ఈ కారు నడిపినవాడి పేరు చూపించమను. అక్కడి నుంచి ఈరోజు దాకా ఓనర్ల వరస రాయించుకో. ఇవేవీ లేకపోయినా కారు నచ్చితే తీసుకో, తప్పులేదు, ఫియట్ మంచి బండి. ధర మాత్రం మామూలు పాత ఫియట్ ధరకు దించమను.