ఎక్కడ పడితే అక్కడ మొదలు కాదు

వారం రోజులుగా నల్లగొండలో మా డిగ్రీ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది: "బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెండవుతుంది. అంటే డీఎన్‌ఏ మొత్తం 20 నిమిషాల్లోనే కాపీ అవుతుంది. ఒకేసారి చాలాచోట్ల మొదలవుతుంది కాబట్టే అంత స్పీడు. దానికి కంట్రోల్ ఏమీ ఉండదు." పిల్లలు పరీక్షలో ఇదే రాస్తారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

మొదటి మాట మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా విషయంలో, అదీ తిండి పుష్కలంగా ఉన్నప్పుడు, నిజమే. మిగతావి తప్పు.

చాలాచోట్ల మొదలయ్యేది మన కణాల్లో. ఈ.కోలైకి ఉన్నది గుండ్రటి క్రోమోజోమ్ ఒక్కటే, దాని మీద మొదలయ్యే చోటూ ఒక్కటే. ఓరి-సి అంటారు, సుమారు 245 అక్షర జంటల ముక్క (డీఎన్‌ఏ రెండు పోగుల మీద ఎదురెదురుగా ఉండే ఏ, టీ, జీ, సీలే ఆ అక్షరాలు). కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును పట్టుకున్న, కాపీని మొదలుపెట్టే డీఎన్‌ఏ-ఏ అనే ప్రోటీన్లు గుంపుగా వచ్చి అక్కడ అతుక్కుంటాయి. పక్కనే ఏ-టీ జంటలు ఎక్కువున్న భాగంలో రెండు పోగులూ విడిపోతాయి. జీ-సీ జంటకు మూడు హైడ్రోజన్ బంధాలైతే ఏ-టీకి రెండే, అందుకే అక్కడ సులువు. ఆ సందులోకి పోగులను విప్పే హెలికేజ్ ప్రోటీన్లు రెండు ఎక్కి, చెరో దిక్కుకు విప్పుకుంటూ పోతాయి.

ఇక 20 నిమిషాల లెక్క. మొత్తం 46 లక్షల జంటలు. ఒక్కో వైపు సెకనుకు సుమారు వెయ్యి. రెండు వైపులా కలిపి లెక్కేస్తే దాదాపు 40 నిమిషాలు. ఆ తర్వాత కణం చీలడానికి ఇంకో 20.

"మరి 20 నిమిషాలకే ఎట్ల రెండైతది సార్?" అని మిర్యాలగూడ దిక్కు అమ్మాయి ఒకరు అడిగింది. మీ పొలంలో యాసంగి నారు ఎప్పుడు పోస్తరమ్మా అన్నాను. వానాకాలం వరి ఇంకా కోయకముందే పోస్తారు. ఈ.కోలైదీ అదే పని. ఒక కాపీ సగంలో ఉండగానే ఓరి-సి దగ్గర ఇంకోటి మొదలుపెడుతుంది. ఇప్పుడు మొదలైన కాపీ ఈ కణం మనవరాళ్ళు చీలే వేళకు అక్కరకొస్తుంది. కూపర్, హెల్మ్‌స్టెటర్ అనే శాస్త్రవేత్తలు 1968లోనే దీన్ని తేల్చారు.

కంట్రోల్ లేదన్నదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఓరి-సిలో జీఏటీసీ అనే వరుస 11 సార్లు వస్తుంది. పాత పోగు మీద ఆ వరుసల దగ్గర మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు ఉంటుంది, కాపీ అవగానే కొత్త పోగు మీద అది ఇంకా పడదు. ఆ సగం గుర్తును చూసి సెక్-ఏ ప్రోటీన్ వచ్చి ఓరి-సిని కప్పేస్తుంది. అది వదిలేదాకా అక్కడ రెండోసారి మొదలవదు.