జోలీన్ ఎవరు బాబూ?

మా మావయ్యగారి సంగీతం ఘంటసాలతో మొదలై ఘంటసాలతోనే ముగుస్తుంది. మధ్యలో ఇంకెవరు పాడినా ఆయన రిమోట్ కోసం వెతుకుతారు. అత్తయ్యగారికి అన్నమయ్య చాలు. మా ఆవిడకి ఇళయరాజా. ఈ ముగ్గురినీ ఒకే కారులో నాలుగు గంటలపాటు సీటు బెల్టులతో కట్టి కూర్చోబెట్టే యోగం మళ్లీ పట్టదనుకున్నాను.

మేముండేది అమెరికాలో, నాష్‌విల్‌లో. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చిన కొత్తలో కంట్రీ మ్యూజిక్, అదే ఇక్కడి పల్లెల్లో పుట్టిన సంగీతం, అంటే ముక్కుతో పాడే పాటలనే నేనూ అనుకునేవాణ్ని. ఆఫీసు దారిలో రేడియో వింటూ వింటూ ఎప్పుడు పడిపోయానో తెలీదు. ఇప్పుడు కొత్తగా మతం పుచ్చుకున్నవాడిలా కనబడిన ప్రతివాడికీ వినిపిస్తుంటాను. తెలుగువాళ్ల పార్టీల్లో నేను ఫోను తీసి స్పీకరు వైపు నడిస్తే చాలు, పిల్లలతో సహా లేచి అడ్డం పడతారు.

గుంటూరు నుంచి అత్తయ్యగారూ మావయ్యగారూ వచ్చారు. అందరం స్మోకీ కొండలు చూడటానికి బయల్దేరాం. ముందురోజు రాత్రి రెండింటిదాకా కూర్చుని పాటల వరస పేర్చుకున్నాను. పెళ్లిచూపులకి కూడా అంత తయారవలేదు.

ఊరు దాటగానే ఉపోద్ఘాతం అందుకున్నాను. “ఇదే ఊళ్లో 1925లో రేడియోలో మొదలైన పాటల కార్యక్రమం, గ్రాండ్ ఓల్ ఆప్రీ అంటారు, ఇప్పటికీ నడుస్తోందండీ. 1927లో ఈ రాష్ట్రం చివర బ్రిస్టల్ అనే ఊళ్లో ఒక కంపెనీవాళ్లు రికార్డింగ్ మిషను పెట్టి, పాడేవాళ్లు రండి అన్నారు. కొండల్లోంచి కార్టర్ కుటుంబం దిగొచ్చింది. గిటారు వాయించిన మేబెల్ అప్పటికి నిండు చూలాలు.”

“నెలలు నిండినపిల్లని ప్రయాణం ఎలా కట్టించారు?” అన్నారు అత్తయ్యగారు వెనక నుంచి. సంగీత చరిత్రలో ఆవిడకి అందిన ముఖ్యాంశం అది.

మొదటి పాట హ్యాంక్ విలియమ్స్‌ది. పెడితే పెట్టాను, నోరు మూసుకుని ఉండాల్సింది. “ఏమంటున్నాడు?” అన్నారు మావయ్యగారు. అనువాదం మొదలుపెట్టాను.

“ఒంటరిగా ఉన్నాను, ఏడుపొస్తోంది అంటున్నాడండీ.”

“పెళ్లాం లేదా?”

“విడాకులిచ్చేసింది. బాగా తాగేవాడు. 29 ఏళ్లకే పోయాడు. 1953 జనవరి 1న, ఇలాగే కారులో వెళ్తూ, వెనక సీట్లో. మనం వెళ్తున్న ఈ నాక్స్‌విల్ మీదుగానే వెళ్లింది ఆ కారు.”

వెనక సీట్లో అత్తయ్యగారు కాళ్లు దగ్గరికి లాక్కున్నారు.

పక్కనే ఉన్న మా ఆవిడ చెవుల్లో ఇళయరాజాని పెట్టుకుని అప్పటికే నిద్రపోయింది. నన్ను కాపాడగలిగిన మనిషి ఆ కారులో తనొక్కతే.

రెండోది జానీ క్యాష్. “1968 జనవరిలో కాలిఫోర్నియాలో ఫోల్సమ్ జైలుకెళ్లి ఖైదీల ముందు పాడాడండీ” అన్నాను గొప్పగా. పాటలోవాడు జైలుకెందుకెళ్లాడన్నారు మావయ్యగారు. ఒకణ్ని చంపాడన్నాను. ఎందుకు చంపాడట? “చస్తుంటే చూద్దామని.” మావయ్యగారు స్టీరింగు మీద నా చేతుల వంక కాసేపు చూశారు.

మూడోది కుక్క పాట. చిన్నప్పట్నుంచీ వెంట తిరిగిన కుక్క ముసలిదై పోతుంది. ఎన్నిసార్లు విన్నా అక్కడ నాకు కళ్లు చెమరుస్తాయి. ఆ రోజూ ఆగలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంటే అద్దంలో అత్తయ్యగారి కళ్లు కనిపించాయి.

ఇక మూడ్ మార్చుదామని డాలీ పార్టన్ పెట్టాను. కానీ పెట్టింది జోలీన్. నా మొగుణ్ని తీసుకుపోవద్దని ఒక ఇల్లాలు ఇంకో అందగత్తెని బతిమాలే పాట అది. దాని వెనక కథ కూడా చెప్పకపోతే నాకు నిద్రపట్టదు కదా. “డాలీ మొగుడితో ఒక బ్యాంకు క్లర్కు, ఎర్రజుట్టు పిల్ల, చనువుగా ఉండేదట. అందులోంచి పుట్టిందండీ.”

కారులో నిశ్శబ్దం.

“మీ అకౌంటు ఏ బ్యాంకులో బాబూ?” అన్నారు అత్తయ్యగారు.

పెట్రోలు కోసం ఆగినప్పుడు ఆవిడ ఫోను పట్టుకుని సిగ్నల్ కోసమంటూ దూరంగా వెళ్లారు. సిగ్నల్ నా ఫోనులో నిండుగా ఉంది. మావయ్యగారు నా పక్కకొచ్చి, “ఆఫీసులో టెన్షన్ ఎక్కువా?” అన్నారు. లేదన్నాను. “మందు...?” అన్నారు ఆకాశంలోకి చూస్తూ. పండక్కో పబ్బానికో ఒక బీరు అన్నాను. “ఊఁ” అన్నారు. ఆ ఊఁ నాకు నచ్చలేదు.

సెవియర్‌విల్‌లో కోర్టు ముందు డాలీ పార్టన్ కంచు విగ్రహం ఉంది. బండ మీద, గిటారుతో, కాళ్లకి చెప్పుల్లేకుండా. “ఇదేనా ఆ జోలీన్?” అని అత్తయ్యగారు కొంగు బిగించారు. కాదు, పాపం ఈవిడే ఆ ఏడ్చినావిడ, పన్నెండుమంది పిల్లల కుటుంబం, ఈవిడ పుట్టినప్పుడు డాక్టరుకి ఫీజు కింద మొక్కజొన్న పిండి బస్తా ఇచ్చారట అన్నాను. అత్తయ్యగారు విగ్రహం వంక చూసి, నా వంక చూసి, నిద్రమొహంతో వస్తున్న కూతురి తల నిమిరారు.

సాయంత్రం పిజన్ ఫోర్జ్‌లో ఒక ముసలాయన దుకాణం అరుగు మీద గిటారులాంటి తీగల వాయిద్యం, బాంజో వాయిస్తున్నాడు. మావయ్యగారు ఆగిపోయారు. నేను అర్థం చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు. మాటలెక్కడున్నాయి, ఉత్త వాయిద్యమే. పది నిమిషాలు కదల్లేదు. బూటు కాలు తాళం వేస్తోంది.

“ఇది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల వాయిద్యమండీ. మొదట్లో సొరకాయ బుర్రకి తోలు బిగించి చేసేవాళ్లు” అన్నాను గొంతు తగ్గించి.

“బుర్రా!” అన్నారాయన, దొంగ దొరికినట్టు. “బుర్రకథ కదయ్యా ఇది! పొన్నెకల్లు నాజర్‌గారు తంబూరా భుజాన వేసుకుని గంతేస్తే మా ఊళ్లో తెల్లారిందాకా ఎవడూ లేచేవాడు కాదు. పొద్దున్నుంచీ ఇది పెట్టకుండా ఆ తాగుబోతులవీ జైలుపక్షులవీ ఎందుకు వినిపించారు?” ముసలాయన టోపీలో అయిదు డాలర్లు వేసి, తిరిగొచ్చి ఇంకో అయిదు వేశారు.

గెలిచాననుకుని హోటలుకొచ్చాను. రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగింది. తెనాలిలో పొద్దున్న ఆరున్నర, అమ్మ.

అత్తయ్యగారు గుంటూరులో పెద్దమ్మాయికి చెప్పారు. ఆవిడ తెనాలిలో తోడికోడలికి. ఆ తోడికోడలిల్లు మా అమ్మ పాలు పోయించుకునే వీధిలోనే.

“ఆ బ్యాంకుపిల్ల సంగతీ, పోలీసు కేసు సంగతీ తర్వాత మాట్లాడదాం” అంది అమ్మ వణికే గొంతుతో. “ముందు ఇది చెప్పు. పెంచుకున్న కుక్క పోయిందని కారు నడుపుతూ ఏడ్చావట. వీధి మొగలో కుక్క కనబడితే ట్యూషన్ ఎగ్గొట్టి ఇంటికొచ్చేసేవాడివి, నీకు కుక్క ఎక్కడిదిరా?”